సభకు చెందే పాపం: పనిచోట లైంగిక వేధింపు, చట్టం, ధర్మం

తప్పు ఎవరిది అన్న ప్రశ్నకు న్యాయస్థానం ఇచ్చే జవాబూ ధర్మచింతన ఇచ్చే జవాబూ ఒకటి కావు. న్యాయస్థానం తప్పు చేసినవాణ్ణి ఒంటరిగా నిలబెట్టి, అతని చేతనూ ఉద్దేశాన్నీ సాక్ష్యంతో తూచి, దోషి అనో నిర్దోషి అనో తేల్చి ఊరుకుంటుంది. భారతీయ ధర్మచింతనలో బలంగా కనిపించే ఒక పాయ మాత్రం తప్పు జరిగిన చోట కూర్చున్నవారిని కూడా లెక్కలోకి తీసుకొని, చూసి ఊరుకున్నవారికీ, ఆపగలిగి ఆపనివారికీ ఆ పాపంలో పాలు పంచుతుంది. పనిచోట స్త్రీలకు ఎదురయ్యే లైంగిక వేధింపు విషయంలో ఈ తేడాకు చాలా విలువ ఉంది, ఎందుకంటే ఈ తప్పు ఇద్దరి మధ్య జరిగినట్టు పైకి కనిపించినా, పని ఇచ్చే అధికారం, కూలి ఆపగల అధికారం, చుట్టూ ఉన్నవారి మౌనం అనే మూడింటి అండ లేకుండా అది ఎక్కువ కాలం సాగదు. చట్టానికి హద్దు ఎక్కడ, ఆ హద్దుకు అవతల బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నను పూర్వపు వరంగల్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న వేరుపడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల నేపథ్యంలో పరిశీలించడానికి తగిన కారణం ఉంది. స్త్రీ శ్రమపైనా స్త్రీ దేహంపైనా అధికారం ఒకే చేతిలో ఉండిన గడీల, అంటే దొరల కోటల్లాంటి ఇళ్ళ, చరిత్ర ఈ నేలది. కాగితం మీది నిషేధం కదపలేని ఆ అధికారాన్ని జనం కూడి కదిపిన చరిత్ర కూడా ఈ నేలదే.

ఈ విషయంపై దేశంలో తొలి స్పష్టమైన నియమాలు ఒక పల్లెటూరి కార్యకర్తకు జరిగిన అన్యాయం నుంచి పుట్టాయి. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో, ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమం కింద ‘సాథిన్’గా, అంటే ఊరి స్త్రీలకు తోడు నిలిచే కార్యకర్తగా పనిచేస్తూ ఒక బాల్యవివాహాన్ని ఆపబోయిన మహిళపై 1992లో సామూహిక అత్యాచారం జరిగింది, 1995లో కింది కోర్టు నిందితులను ఆ నేరం నుంచి విడిచిపెట్టింది. ఆ తరువాత విశాఖ అనే సంస్థ, మరికొన్ని మహిళా సంఘాలు కలిసి సుప్రీంకోర్టును ఆశ్రయించగా, 1997 ఆగస్టు 13న వెలువడి ఆ సంస్థ పేరుతోనే ప్రసిద్ధమైన తీర్పు, పనిచోట లైంగిక వేధింపు రాజ్యాంగం హామీ ఇచ్చిన సమానత్వాన్నీ, జీవించే హక్కునూ, వృత్తి స్వేచ్ఛనూ భంగపరుస్తుందని ప్రకటించి, చట్టం వచ్చేదాకా యజమానులు పాటించవలసిన మార్గదర్శకాలను నిర్దేశించింది. ఆ చట్టం రావడానికి 16 ఏళ్ళు పట్టింది. 2013లో పార్లమెంటు ఆమోదం పొంది అదే ఏడాది డిసెంబరు 9న అమలులోకి వచ్చిన చట్టం, ఇష్టం లేని స్పర్శను, లైంగిక కోరిక తీర్చమని అడగడాన్ని, అశ్లీల వ్యాఖ్యలను, అశ్లీల చిత్రాలు చూపడాన్ని, ఈ కోవకు చెందిన మాటలను, సైగలను వేధింపుగా నిర్వచించింది. పని ఇస్తానని ఆశపెట్టడం, పని తీసేస్తానని బెదిరించడం, పనిచోటును భయపు చోటుగా మార్చడం వంటివి వాటితో ముడిపడినప్పుడు వాటినీ వేధింపు కిందనే చేర్చింది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో ‘అంతర్గత కమిటీ’ ఉండాలి. అంతకంటే తక్కువమంది ఉన్నచోట, లేదా ఫిర్యాదు యజమానిపైనే అయినప్పుడు, జిల్లా స్థాయిలో ఏర్పడే ‘స్థానిక కమిటీ’ విచారణ జరపాలి. ఫిర్యాదు సంఘటన జరిగిన మూడు నెలల లోపు రాతపూర్వకంగా అందాలి, తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలల గడువు ఇవ్వవచ్చు, విచారణ 90 రోజుల్లో ముగియాలి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో స్త్రీలు చేసే పనిలో పెద్ద భాగం స్థానిక కమిటీ పరిధిలోని ఈ రెండవ కోవలోకి వస్తుంది. వరినాట్లు వేయడం, కలుపు తీయడం, పత్తి ఏరడం, మహబూబాబాద్ వైపు మిరపతోటల్లో కాయ ఏరడం, ఇళ్ళలో పాచిపని, చిన్న దుకాణాల్లో కొలువు మొదలైన పనుల్లో యజమానికీ పనిమనిషికీ మధ్య రాతకోతలు ఉండవు, పిలిస్తే పని, పిలవకపోతే పస్తు అన్న లెక్కన బతుకు సాగుతుంది. చట్టం కాగితం మీద వీరందరినీ కలుపుకొనే ఉంది. దాని నిర్వచనంలో పని ప్రదేశం అంటే నివాస గృహం కూడా, యజమాని ఏర్పాటు చేసిన ప్రయాణ వాహనం కూడా. ఉద్యోగిని అంటే దినకూలి కూడా, కాంట్రాక్టు మనిషి కూడా, జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవారు కూడా. గౌరవ వేతనం పేర ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్త, తెల్లవారకముందే ఆటోలో కిక్కిరిసి తోటకు పోయే కూలి స్త్రీ ఈ నిర్వచనాల బయట లేరు. గ్రామీణ, గిరిజన ప్రాంతాల్లో ఫిర్యాదు అందుకొని ఏడు రోజుల్లో స్థానిక కమిటీకి పంపే నోడల్ అధికారిని, అంటే అనుసంధానకర్తను, నియమించాలని కూడా చట్టం చెప్పింది. అయినా చట్టం వచ్చిన 11 ఏళ్ళ తరువాత, 2024 డిసెంబరు 3న, ప్రతి జిల్లాలో ఇందుకు బాధ్యుడైన అధికారిని ఆ నెలాఖరులోగా నియమించి, 2025 జనవరి 31లోగా స్థానిక కమిటీని ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు దేశమంతటికీ గడువులు పెట్టి ఆదేశించవలసి రావడం, ఉండవలసిన సభ చాలాచోట్ల కూడనే లేదని చెప్పకనే చెబుతుంది.

చట్టానికి ఉన్న హద్దులను మూడుగా విడదీసి చూడవచ్చు. మొదటిది అందుబాటుకు సంబంధించిన హద్దు: కమిటీ ఉందని తెలియకపోవడం, జిల్లా కేంద్రానికి పోవడానికి ఒక రోజు కూలి వదులుకోవలసి రావడం, మూడు నెలల గడువులో సగం భయంలోనే గడిచిపోవడం ఈ కోవలోవి, వీటిని సమర్థమైన పాలన సరిచేయగలదు. రెండవది రుజువుకు సంబంధించినది: ఇద్దరే ఉన్నచోట జరిగినదానికి మూడో సాక్షి దొరకడు, దొరికినా అదే యజమాని దగ్గర పనిచేసేవాడై ఉంటాడు, న్యాయవిచారణ మెళకువలు దీన్ని కొంతవరకు అధిగమించగలవు. మూడవది చట్టపు స్వభావంలోనే ఉన్న హద్దు, దానిని సవరణలు తొలగించలేవు. చట్టం ఫిర్యాదుతో మొదలవుతుంది. ఆ ఫిర్యాదు చేయవలసిన భారం ఆ పనిచోట అందరికంటే తక్కువ బలం ఉన్న మనిషి మీద పడుతుంది. ఆమె నోరు తెరవనంత కాలం చట్టం దృష్టిలో అక్కడ ఏమీ జరగలేదు. ఫిర్యాదుకు ముందు ఉన్న ఆ సుదీర్ఘమైన కాలం, అంటే అందరికీ తెలిసి ఎవరూ అనని కాలం, చట్టపు హద్దుకు అవతల ఉంది. ధర్మచింతన మాట్లాడవలసినది అక్కడ.

ఈ స్థితిని మహాభారతంలోని విరాటపర్వం చిత్రించినంత నిశితంగా మరే ప్రాచీన గ్రంథమూ చిత్రించలేదని చెప్పడం అతిశయోక్తి కాదు. తిక్కన తెలుగు భారతాన్ని ఆ పర్వంతోనే మొదలుపెట్టినందువల్ల తెలుగువారికి అది మరింత దగ్గరిది. అజ్ఞాతవాసంలో ద్రౌపది సైరంధ్రిగా, అంటే రాణికి కేశాలంకారం చేసే పరిచారికగా, విరాటుని భార్య సుదేష్ణ దగ్గర కొలువుకు కుదురుతుంది. కుదిరేటప్పుడే ఎంగిలి తిననని, ఇతరుల కాళ్ళు కడగనని షరతులు చెబుతుంది, తనకు గంధర్వులైన భర్తల రక్షణ ఉందని హెచ్చరిస్తుంది, సుదేష్ణ అన్నిటికీ ఒప్పుకుంటుంది. కొలువు షరతులు ఇంత స్పష్టంగా ఉన్నా, రాణి తమ్ముడూ సేనాపతీ అయిన కీచకుడు ఆమె వెంట పడినప్పుడు, సుదేష్ణే సోదరుని కోరిక తీర్చడానికి మద్యం తెమ్మన్న నెపంతో సైరంధ్రిని అతని ఇంటికి పంపుతుంది. పని అప్పగించే అధికారమే వలగా మారిన ఘట్టం ఇది. పంపింది స్త్రీ కావడం, అధికారం స్త్రీ చేతిలో ఉన్నంత మాత్రాన స్త్రీకి రక్షణ కాదన్న చేదు నిజాన్ని కూడా చెబుతుంది.

తప్పించుకొని రాజసభకు పరుగెత్తిన సైరంధ్రిని కీచకుడు అందరి ముందు తన్నుతాడు. ఆమె సభను న్యాయం అడుగుతుంది. వ్యాసభారతంలో విరాటుడు ఇచ్చే సమాధానం గమనించదగ్గది: తన కంటికి దూరంగా నడిచిన వారిద్దరి గొడవ తనకు తెలియదని, అసలు సంగతి తెలియకుండా తానేమి తీర్పు చెప్పగలనని అతడంటాడు. తన్ను మాత్రం అతని కళ్ళ ముందే పడింది. సేనాపతి లేకపోతే రాజ్యం నిలవదన్న భయం, రుజువు లేదన్న మాట వెనుక దాక్కుంది. కంకభట్టు వేషంలో అక్కడే ఉన్న ధర్మరాజు సైతం, నటిలా ఏడుస్తూ సభలో జూదానికి అడ్డు రావద్దని, లోపలికి వెళ్ళమని ఆమెను మందలిస్తాడు. అతనికి రహస్యాన్ని కాపాడుకోవలసిన నిర్బంధం ఉంది నిజమే, అయితే కారణం ఏదైనా ఆమెకు దక్కింది మౌనమే. సభ్యులు సైరంధ్రిని మెచ్చుకొని కీచకుణ్ణి నిందించారని వ్యాసుడు చెప్పడం విస్మరించరాదు, ఎందుకంటే జాలి మాటలు ఎన్ని వినిపించినా అక్కడి నుంచి కీచకుడు నిశ్చింతగా నడిచి వెళ్ళాడు. ఆ రాత్రి ద్రౌపది భీముణ్ణి ఆశ్రయించడం, నర్తనశాలలో కీచకవధ, అతని బంధువులైన ఉపకీచకులు ఆమెను శవంతో పాటు దహనం చేయబోవడం, వారూ హతులు కావడం వరుసగా జరిగిపోతాయి. ఇంత జరిగాక రాజు తీసుకున్న నిర్ణయం సైరంధ్రిని కొలువు మానిపించడం; ఆమె మరి 13 రోజుల గడువు అడిగి తెచ్చుకోవలసి వచ్చింది.

పత్రికలు వేధించినవాణ్ణి కీచకుడని పిలవడం తెలుగునాట పరిపాటి. ఆ పిలుపు తప్పు చేసినవాణ్ణి రాక్షసుడిగా చూపి, కథను ఒక్కడి దుర్మార్గానికి కుదిస్తుంది, విరాటుణ్ణీ సుదేష్ణనూ సభ్యులనూ కథ నుంచి తప్పిస్తుంది. తిక్కన చదువరి మరచిపోలేని విషయం ఏమిటంటే, కీచకుడు ఒక్కడైతే సైరంధ్రి అతణ్ణి ఎదిరించి నిలవగలిగేది. అతని వెనుక కొలువు, బంధుత్వం, సైన్యం, మొహమాటం కలిసి నిలబడినందువల్లనే ఆమెకు చీకటిలో వంటశాలకు వెళ్ళి భర్తను మేలుకొలపక తప్పలేదు. భీముని గద ఉన్నవారికి ఆ పరిష్కారం దొరుకుతుంది. అది లేనివారికి సభ తప్ప దిక్కు లేదు, పైగా చంపడంతో ముగిసిన న్యాయం ఆ సభను ఇసుమంతైనా మార్చకుండా వదిలేసింది. అందుకే కథ చివర శిక్ష బాధితురాలి కొలువు మీద పడింది.

సభ బాధ్యత ఏమిటన్న ప్రశ్నను భారతం అంతకు ముందే, సభాపర్వంలో, సూటిగా చర్చించింది. ద్యూతసభలో ద్రౌపది వేసిన ప్రశ్నకు భీష్ముడు ధర్మం సూక్ష్మమైనదని తడబడి ఊరుకున్నప్పుడు, విదురుడు ప్రహ్లాదునికి కశ్యపుడు చెప్పినదాన్ని సభ్యులకు గుర్తుచేస్తాడు. దాని సారాంశం ఇది: ధర్మం గాయపడి సభకు వచ్చినప్పుడు సభ్యులు ఆ ములుకును తీయకపోతే అది వారికే గుచ్చుకుంటుంది, నిందించవలసినవాణ్ణి నిందించని సభలో పాపంలో సగం సభాపతికి, పావు చేసినవాడికి, మిగిలిన పావు ఊరుకున్న సభ్యులకు చేరుతుంది. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో ఇదే ఆలోచన మరో లెక్కలో కనిపిస్తుంది, అక్కడ చేసినవాడికి, సాక్షికి, సభ్యులకు, రాజుకు తలా ఒక పావు దక్కుతుంది. స్త్రీల విషయంలోనూ కులాల విషయంలోనూ అసమానతను శాసించిన అదే గ్రంథం ఈ సూత్రాన్ని ఒప్పుకోవడం చూస్తే, న్యాయస్థానంలో మౌనం తటస్థత కాదన్న భావన ఆనాటికి ఎంత స్థిరపడి ఉండెనో తెలుస్తుంది. రెండు లెక్కల మధ్య తేడా కూడా అర్థవంతమైనదే, ఎందుకంటే విదురుడు చెప్పిన లెక్కలో తప్పు చేసినవాడికంటే సభకు పెద్దగా కూర్చున్నవాడి పాలు రెండింతలు.

దీనిపై ఒక బలమైన ఆక్షేపణ ఉంది. అందరికీ పాపం పంచితే అసలు దోషి భారం తగ్గిపోదా, సమాజమే దోషి అన్న మాట చాటున ఒక్కొక్కరూ తప్పించుకోరా అని అడగవచ్చు. కశ్యపుని మాటలోని రెండవ సగం ఈ ప్రశ్నకు జవాబిస్తుంది. నిందార్హుణ్ణి నిందించిన సభలో సభాపతి నిర్దోషి అవుతాడు, సభ్యులు విముక్తులవుతారు, పాపం మొత్తం చేసినవాడినే చేరుతుంది. పంపకం శాశ్వతమైన తీర్పు కాదని, మౌనం ఉన్నంత వరకే అది చెల్లుతుందని దీని అర్థం. వ్యక్తి బాధ్యతను సమూహంలో కరిగించే సిద్ధాంతాలకూ దీనికీ ఉన్న భేదం ఇక్కడే ఉంది: సభ తన పని తాను చేసినప్పుడే వ్యక్తి బాధ్యత పూర్తిగా వ్యక్తిదవుతుంది. విరాటుని సభ్యుల నింద ఎందుకు చాలలేదో కూడా ఇప్పుడు స్పష్టమవుతుంది, ఎందుకంటే అధికారం కలిగినవాడి నోట రాని నింద, ఫలితం లేని నింద, ధర్మం అడిగిన నింద కాదు.

రెండవ ఆక్షేపణ నిందితుని పక్షాన వస్తుంది: నిందించడమే సభ ధర్మమైతే, ఆరోపణ వినగానే నిందించే సభ కూడా అన్యాయం చేయదా? ఈ భయం నిరాధారమైనది కాదు. గోవా విశ్వవిద్యాలయ అధ్యాపకుడొకరిని లైంగిక వేధింపు ఆరోపణపై తొలగించిన వ్యవహారంలో, విచారణ తొందరపాటుగా సాగి ఆయనకు తన వాదన వినిపించుకొనే తగిన అవకాశం దక్కలేదని గుర్తించిన సుప్రీంకోర్టు 2023 మే 12న ఆ తొలగింపును రద్దుచేసి, విచారణను సరిగా జరపమని వెనక్కి పంపింది. అదే తీర్పులో చట్టం వచ్చిన దశాబ్దం తరువాత కూడా దాని అమలులో తీవ్రమైన లోపాలు ఉండడాన్ని విచారకరమని పేర్కొంటూ ప్రభుత్వాలకు ఆదేశాలిచ్చింది. సహజ న్యాయసూత్రం, అంటే రెండు పక్షాలనూ వినకుండా తీర్పు చెప్పరాదన్న నియమం, బాధితురాలికి శత్రువు కాదని ఆ తీర్పు చూపుతుంది, ఎందుకంటే లోపభూయిష్టమైన విచారణ చివరికి ఫిర్యాదు చేసినవారినే మళ్ళీ మొదటికి తెస్తుంది. వినడం సభ పనిలో సగం. విన్న తరువాత తేల్చి చెప్పడం మిగిలిన సగం.

వినడం గురించి జనగామ నేల నుంచే మరొక ఆలోచన అందుకోవచ్చు. పాలకుర్తి దగ్గరి బమ్మెర పోతన నివసించిన ఊరిగా ప్రసిద్ధి; ఆయన భాగవతంలోని గజేంద్రమోక్ష ఘట్టంలో, మొసలి నోట చిక్కిన గజరాజు మొర బ్రహ్మాది దేవతలకూ వినిపిస్తుంది, కాని వారు విశ్వమంతటా నిండి ఉన్నవారు కారు గనుక విని కూడా అడ్డుపడక ఊరుకుంటారు, అంతటా ఉన్న విష్ణువు ఒక్కడే కదులుతాడు. భక్తుల దృష్టిలో ఇది విష్ణుమహిమ. సామాజిక దృష్టితో చూస్తే, తన పరిధిలోది కాదన్న కారణంతో విన్న మొరను వదిలేసే అధికార స్వభావానికి ఇంతకంటే సరైన చిత్రణ కనిపించదు. నేటి అధికారులకు కూడా విశ్వమయత్వం లేదు, ఉండదు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క మండలం, ఒక్కొక్క శాఖ, ఒక్కొక్క సెక్షన్. అంతటా ఉండగలిగినది ఒక్కటే ఉంది, అది పక్కన పనిచేసే మనుషుల సమూహం. దేవుడు చేయగలిగినదాన్ని చట్టం చేయలేకపోయినా, సమూహం తన హద్దులో చేయగలదు.

ఈ మాటకు ఆధారం ఈ ప్రాంతపు చరిత్రలోనే ఉంది. నిజాం పాలనలోని తెలంగాణలో దొర గడీ ఒక పెద్ద పనిచోటు కూడా. వెట్టి, అంటే కూలి లేకుండా కులానికొక పని చొప్పున నిర్బంధంగా చేయించుకొనే చాకిరీ, దాని ఆధారం. ఆ చాకిరీలో స్త్రీలకు పని వేరు, దేహం వేరు అన్న హద్దు ఉండేది కాదు. దొర బిడ్డ పెళ్ళయి అత్తవారింటికి పోతే ఆమె వెంట కానుకగా బానిస పిల్లలను పంపే ఆడబాపల ఆచారాన్ని, ఆ స్త్రీలు దొరల వాంఛకు లొంగి బతకవలసి వచ్చిన స్థితిని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటంపై రాసిన గ్రంథంలో వెట్టి రూపాలన్నిటిలోకీ హీనమైనదిగా పేర్కొన్నారు. నిజాం ప్రభుత్వం 1923లోనే వెట్టిని నిషేధిస్తూ ఫర్మానా, అంటే రాజశాసనం, జారీ చేసింది. అది అమలు కావలసిన ఊళ్ళలో పటేలు, పట్వారీ, దొర ఒకే వరుసలో ఉన్నందువల్ల, ఫిర్యాదు వినవలసినవాడు ఫిర్యాదు ఎవరిపై వచ్చిందో అతని మనిషే అయినందువల్ల, ఆ శాసనం రెండు దశాబ్దాలకు పైగా గడీ గుమ్మం దాటలేదు.

గుమ్మాన్ని కదిపినది సంఘం. ఆంధ్ర మహాసభ ఊరూరా సంఘాలుగా వేళ్ళూనుకున్నప్పుడు, పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ తాను కౌలుకు చేస్తున్న భూమిలోని పంటను విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషుల పాలు కాకుండా సంఘం అండతో ఇంటికి చేర్చుకున్నది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో మరణించడం సాయుధ పోరాటానికి దారితీసింది. ఐలమ్మ పోరాటం పంట కోసమే అయినా, చాకలి కులానికి చెందిన ఒక స్త్రీ దొరకు వెట్టి చేయనని నిలబడగలగడం, ఆమె వెనుక ఊరు నిలబడడం, గడీకి లోబడిన స్త్రీలందరి విషయంలో కొత్త అవకాశాన్ని తెరిచింది. అదే పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు ఎన్నో శతాబ్దాల ముందు బసవపురాణంలో మడివాలు మాచయ్య వంటి చాకలి భక్తుని మహిమను గానం చేసి, శ్రమచేసే మనిషిని దైవానికి సాటిగా నిలిపిన వీరశైవ దృష్టిని తెలుగు చేశాడు. శ్రమ పూజ అయితే శ్రమస్థలంలో మనిషిని అవమానించడం అపచారం అవుతుంది. అయితే ఆ భావం ఆరేడు వందల ఏళ్ళు కావ్యంలో ఉండి కూడా గడీని ఆపలేదు, ఫర్మానా రెండు దశాబ్దాలు చట్టంలో ఉండి కూడా ఆపలేదు. భావానికీ శాసనానికీ కూడిన మనుషులు తోడైనప్పుడే ఫలితం వచ్చింది.

సంఘం పేరు చెప్పగానే సమస్య తీరిపోయినట్టు భావించడం కూడా పొరపాటే. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ జీవితాలను తామే చెప్పుకున్నారు. 1951లో పోరాట విరమణ తరువాత తమను ఇళ్ళకు తిరిగి పొమ్మన్న తీరు, ఉద్యమంలోనే స్త్రీ పురుష సంబంధాల విషయంలో తాము ఎదుర్కొన్న ఇబ్బందులు, వాటిపై నాయకత్వం పాటించిన మొహమాటం ఆ కథనాల్లో బయటపడతాయి. బయటి అన్యాయాన్ని ప్రశ్నించే సభ తన లోపలి అన్యాయం ముందు విరాటుని సభగా మారగలదన్న హెచ్చరిక అందులో ఉంది. కార్మిక సంఘం, కుల సంఘం, తండా పెద్దల కూటమి, గ్రామసభ మొదలైనవన్నీ ఈ హెచ్చరికకు లోబడినవే. చాలాసార్లు పంచాయితీ పెద్దలు సొమ్ము ఇప్పించి రాజీ కుదర్చడాన్నే న్యాయంగా భావిస్తారు. 2013 చట్టం బాధితురాలు కోరితే రాజీని అనుమతించినా సొమ్ము ఆధారంగా రాజీ చేయరాదని నిషేధించడంలో లోతైన వివేకం ఉంది, ఎందుకంటే డబ్బుతో ముగిసిన పంచాయితీలో నింద ఉండదు, నింద లేనిచోట సభకు విముక్తి ఉండదు.

రక్షణ పేరుతో స్త్రీని పని నుంచే తప్పించే అలవాటు విరాటునితో ఆగలేదు. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ స్త్రీలను భూగర్భ గనుల్లో పనికి పెట్టుకోవడాన్ని నిషేధించింది. భూపాలపల్లిలోని కాకతీయ ఖని గనుల వంటి సింగరేణి భూగర్భ గనులు ఆ నియమం కింద దశాబ్దాలపాటు మగవారి లోకంగానే ఉన్నాయి. ప్రమాదం, అలసట, గర్భిణుల ఆరోగ్యం ఆ నిషేధానికి కారణాలుగా చెప్పినా, దాని ఫలితంగా మంచి వేతనం ఉన్న పనులు స్త్రీలకు అందకుండా పోయాయి. 2019 జనవరిలో కేంద్రప్రభుత్వం ఆ నిషేధాన్ని సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ ఉద్యోగాల్లో స్త్రీలు ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకు భూగర్భంలో పనిచేయవచ్చని, అందుకు వారి రాతపూర్వక సమ్మతి ఉండాలని, ఒక షిఫ్టులో ముగ్గురికి తగ్గకుండా ఉండాలని షరతులు పెట్టింది. ముగ్గురికి తగ్గకూడదన్న ఆ చిన్న షరతులో ఈ వ్యాసం చెప్పదలచిన విషయం ఇమిడి ఉంది. రక్షణ శిక్షా నిబంధనలో కంటే ముందుగా తోడులో ఉందని శాసనమే అక్కడ ఒప్పుకున్నది.

ధర్మచింతన పేరుతోనే మౌనాన్ని సమర్థించే వాదాలు కూడా ప్రచారంలో ఉన్నాయి, వాటిని పట్టించుకోకుండా వదలరాదు. జరిగినది పూర్వకర్మ ఫలం, ఓర్చుకోవడం స్త్రీ ధర్మం, బయటపెడితే ఇంటి పరువు పోతుంది అన్నవి వాటిలో తరచుగా వినిపించేవి. కర్మ సిద్ధాంతం అనుభవించేవారి పూర్వకర్మను గురించి ఎంత చెప్పినా, చేసేవాడి ప్రస్తుత కర్మ గురించి, చూసేవాడి ప్రస్తుత కర్మ గురించి అంతే కచ్చితంగా చెబుతుంది. ఒకరి కర్మ తత్త్వాన్ని వాడుకొని మరొకరి కర్మను మాఫీ చేయడం ఆ సిద్ధాంతానికే విరుద్ధం. పరువు విషయంలో విదురుని లెక్క ఇంకా స్పష్టంగా ఉంది. ద్యూతసభలో పోయిన పరువు ద్రౌపదిది కాదని భారతం చదివినవారందరికీ తెలుసు. అది భీష్మద్రోణులది, ధృతరాష్ట్రునిది, ఆ సభది. పరువు వేధింపుకు గురైన స్త్రీ దగ్గర ఉందని నమ్మినంత కాలం ఆమె నోరు మూయడమే ఇంటికి, ఊరికి మార్గంగా తోస్తుంది. అది సభ దగ్గర ఉందని గుర్తించిన మరుక్షణం మాట్లాడడం సభకే అవసరం అవుతుంది.

ఈ దృష్టితో చూసినప్పుడు చట్టంలో ఇప్పటికే ఉండి నిద్రపోతున్న అంశాలు కనిపిస్తాయి. ఫిర్యాదుతో నిమిత్తం లేకుండా పనిచోటును సురక్షితంగా ఉంచడం, వేధింపుకు శిక్ష ఏమిటో, కమిటీ సభ్యులు ఎవరో అందరికీ కనిపించేలా ప్రదర్శించడం, ఉద్యోగులకు అవగాహన కల్పించడం యజమాని విధులని చట్టం శాసిస్తుంది; కమిటీ ఏర్పాటు చేయని యజమానికి రూ. 50,000 వరకు జరిమానా ఉంది. సభాపతికి సగం అన్న విదురుని లెక్కకు ఆధునిక చట్టంలో మిగిలిన ఛాయ ఈ నిబంధనలు. కూలి గుంపును తీసుకుపోయే మేస్త్రీ, ఉపాధి హామీ పనుల మేట్, బడి ప్రధానోపాధ్యాయుడు, కాంట్రాక్టరు, గని అధికారి తమను తాము ఇద్దరి గొడవకు బయటి మనుషులుగా కాక, తమ దగ్గర జరిగేదానిలో సగానికి బాధ్యులుగా భావించడం మొదలైతే, ఫిర్యాదుకు ముందు ఉన్న కాలం ఖాళీగా ఉండదు. పక్కన పనిచేసేవారికి మిగిలిన పావు కూడా చిన్నదేమీ కాదు: ఆమెను ఒంటరిగా పంపకపోవడం, ఆమె చెప్పినప్పుడు నమ్మి వినడం, విచారణలో చూసింది చూసినట్టు చెప్పడం, ఆమెను పనికి పిలవడం మానేస్తే తామూ పోమనడం ఆ పావులో భాగాలు.

చట్టానికి హద్దు ఉండడం చట్టపు వైఫల్యం కాదు, హద్దు లేని చట్టం మరో గడీ అవుతుంది. మౌనాన్ని నేరంగా మార్చి సభ్యులందరినీ శిక్షించే శాసనం నిర్బంధంతో పలికించే సాక్ష్యాలను సృష్టిస్తుందే తప్ప ధర్మాన్ని సృష్టించదు. సభకు చెందిన పాలు అందువల్లనే కోర్టు వసూలు చేయగలిగిన అప్పు కాదు, సభ తానై ఒప్పుకొని తీర్చవలసినది. దీని ఆచరణ ఫలితం ఒక ప్రశ్నల వరుసను మార్చడంలో ఉంది. వేధింపు బయటపడిన ప్రతిసారీ ఊరు, పత్రిక, అధికారి మొదట అడిగేది ఆమె అప్పుడే ఎందుకు చెప్పలేదని. సభాపర్వం అడగమన్నది అది కాదు: ఎవరికి తెలుసు, తెలిసి ఏం చేశారు, ఆమెకు పని ఇచ్చినవారు ఎవరు, ఆ పని ఇప్పటికీ ఆమెకు ఉందా అన్నవి. జనగామలోనో మహబూబాబాద్‌లోనో భూపాలపల్లిలోనో స్థానిక కమిటీ ముందుకు వచ్చే ఒక్కొక్క ఫిర్యాదు వెనుక ఈ నాలుగు ప్రశ్నలకు చెప్పుకోదగ్గ జవాబు ఉన్నప్పుడు, పాపం మొత్తం చేసినవాడినే చేరుతుంది. లేనప్పుడు శిక్ష పడిన తరువాత కూడా అందులో మూడు పాళ్ళు మిగిలినవారి దగ్గరే ఉంటుంది.